కొండ మీద తేలిక, భుజం మీద బరువు

రైఫిల్ కొనాలని వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అంకుల్, వీటిలో అన్నిటికంటే తేలికది ఏది?" నేను తీసి చేతికిచ్చేవాణ్ణి. రెండుసార్లు ఎత్తి దించి, "అబ్బ, దూదిలా ఉంది" అనేవారు. ఎత్తి చూడడం వేరు, కాల్చి చూడడం వేరు అని వాళ్ళకు నచ్చజెప్పడంతోనే నా ఉద్యోగంలో సగం గడిచింది. ఆ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆయుధాగారంలో పని

సింగపూర్‌ పడమటి వైపున్న ఒక షూటింగ్ క్లబ్బులో నేను ఆర్మరర్‌గా పనిచేశాను. తుపాకులను భద్రపరిచి, శుభ్రం చేసి, మరమ్మతు చేసి, కొనేవాళ్ళకు ఏది సరిపోతుందో చూసిపెట్టే మనిషిని అలా అంటారు. నేను పుట్టింది మలేసియాలో, పేరక్ రాష్ట్రంలోని ఒక పామాయిల్ తోటలో. అడవిపందులు లేత మొక్కలను పెకలించకుండా మా నాన్న అక్కడ కాపలా కాసేవాడు. తోటవాళ్ళు ఇచ్చిన షాట్‌గన్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. నేను పనికోసం దక్షిణాన ఉన్న సింగపూర్‌కి వచ్చి, జురాంగ్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద చేయి తిరిగాక క్లబ్బులో చేరాను.

సింగపూర్‌లో తుపాకుల పని ఏముంటుందని ఇక్కడి తెలుగువాళ్ళే నన్ను అడుగుతుంటారు. నిజమే, ఇక్కడ వేట లేదు. లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా తుపాకీని ఫ్లాట్‌కి తీసుకెళ్ళరు. అది క్లబ్బులోనే తాళాల వెనక ఉంటుంది. వచ్చి కాల్చి, శుభ్రం చేసి, మాకప్పగించి వెళ్ళాలి. సభ్యుల్లో ఎక్కువమంది కాగితపు గురి కొట్టేవాళ్ళు. కొందరు మాత్రం సెలవుల్లో న్యూజిలాండ్ లాంటి చోట్లకు వెళ్ళి వేటాడతారు. అనుమతులు, పర్మిట్ల గొడవ ఇక్కడ రాయను. అది ఎవరికైనా వారంలో అబ్బుతుంది.

వేటకూ గురికీ కలిపి వాళ్ళు అడిగేది బోల్ట్-యాక్షన్ రైఫిల్. అంటే ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగి, తోసి, కిందికి వెయ్యాలి. నిదానమైన ఏర్పాటు, కాని గట్టిది, నమ్మదగినది. చిక్కల్లా దాన్ని రెండు పనులకూ కొనడంలోనే ఉంది. వేటలో రోజంతా భుజాన మోసి, ఒక్కసారి కాలుస్తారు, ఒక్కోరోజు అసలు కాల్చరు. క్లబ్బులో అడుగు కూడా మోయనక్కర్లేదు, కాని తూటా వెంట తూటా కాలుస్తారు. మొదటిదానికి తేలిక కావాలి. రెండోదానికి బరువు కావాలి. రెండూ పూర్తిగా ఇచ్చే రైఫిల్‌ను నేనింతవరకూ చూడలేదు.

కో గారి చెక్క

నాకు పని నేర్పింది మిస్టర్ కో. క్లబ్బులో పెద్ద ఆర్మరర్. ముక్కోపి. సభ్యుడు ఎంత పెద్ద హోదాలో ఉన్నా, గొట్టం మురికిగా తిరిగిస్తే అందరి ముందూ అరిచేవాడు. అది తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆయన అరుపులకు జడిసి ఇద్దరు మంచి షూటర్లు క్లబ్బు మానేశారు. కాని మనిషికీ రైఫిల్‌కీ పొత్తు కుదర్చడంలో ఆయనకు సాటి వచ్చేవాణ్ణి నేను చూడలేదు.

కొనేవాడి చేతికి ఖాళీ రైఫిల్ ఇచ్చి, కళ్ళు మూసుకుని భుజానికి ఆనించుకోమనేవాడు. చెంప మడమ మీద, అంటే రైఫిల్‌కు భుజానికి ఆనే వెనక భాగం మీద, హాయిగా ఆనాక, "ఇప్పుడు కళ్ళు తెరువు" అనేవాడు. స్కోప్‌లో, అంటే గురి చూసే దుర్భిణిలో, నిండుగా వెలుతురు కనిపిస్తే రైఫిల్ సరిపోయినట్టు. మెడ సాచో, తల వంచో వెతుక్కోవలసి వస్తే సరిపోనట్టు. "మనిషి తుపాకీకి సర్దుకోకూడదు లా. తుపాకీయే మనిషికి సర్దుకోవాలి" అనేవాడు, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' అని తోక తగిలిస్తూ.

ఆయనకొక పిచ్చి ఉండేది. వాల్‌నట్ చెక్కతో చేసిన మడమ అంటే ప్రాణం. ప్లాస్టిక్ మడమల రైఫిళ్ళను బకెట్లని పిలిచేవాడు. ఒకసారి చలిదేశంలో జరిగే పోటీకి తన చెక్క రైఫిల్‌తో వెళ్ళాడు. ఇక్కడి తేమకు ఉబ్బిన చెక్క అక్కడి పొడిగాలికి బిగుసుకుని వంకర తిరిగింది. గొట్టాన్ని పక్కకు నొక్కింది. రోజంతా గుండ్లన్నీ ఎడమకే పోయాయట. జట్టు ఆయన వల్లే వెనకబడింది.

తిరిగి వచ్చాక నన్ను పిలిచి ఆ రైఫిల్‌ను బల్ల మీద పెట్టాడు. గొట్టానికీ చెక్కకీ మధ్య పల్చని కాగితం దూర్చి లాగమన్నాడు. సగం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

"చూశావా? అక్కడ తాకుతోంది. నాకు చెక్క ఇష్టం లా. నా ఇష్టం గుండుకు తెలియదు కదా" అన్నాడు.

అప్పటినుంచి వేటకు వెళ్ళేవాళ్ళకు తానే సింథటిక్ మడమ చెప్పేవాడు. అందులోనూ చేత్తో నొక్కితే వంగే చవక రకాలను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తన ముచ్చటను కొనేవాడి నెత్తిన రుద్దడం ఆ రోజుతో మానేశాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు వచ్చింది.

మాధవ్, సుజాత

గుంటూరు వైపు నుంచి వచ్చిన దంపతులు వాళ్ళు. మాధవ్ బ్యాంకులో పనిచేసేవాడు. సుజాత వన్-నార్త్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. ఊరికి ఆ చివరున్న హౌగాంగ్‌ నుంచి అంత దూరం రైలూ బస్సూ మారి క్లబ్బుకు వచ్చేవాళ్ళు. క్లబ్బు వాళ్ళ చిన్న రైఫిళ్ళతో, అంటే పాయింట్ టూటూ రకంతో, ఇద్దరికీ గురి కుదిరింది. తెలుగు మాట్లాడతానని తెలిశాక నన్ను నాయుడు అంకుల్ అనడం మొదలుపెట్టారు.

ఒక శనివారం మాధవ్ వస్తూనే కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించాడు.

"అంకుల్, వచ్చే ఏప్రిల్లో న్యూజిలాండ్ వెళ్తన్నాం. మా ఆఫీసోళ్ళు ప్రతి ఏడూ దుప్పుల వేటకెళ్తారు. ఈసారి మేమూ. కొండలంట, రోజంతా నడకంట. కాబట్టి అన్నిటికంటే తేలికవి రెండు కావాలి. ఒకటే మోడల్. ఇక్కడ శనివారాలు టార్గెట్‌క్కూడా అవే వాడుకుంటాం."

"ఇద్దరికీ ఒకటేనా?" అన్నాను.

"ఆవిడ సన్నగా ఉంటది గదా అంకుల్. ఆవిడకైతే ఇంకా తేలికది కావాలి."

సుజాత వైపు చూశాను. "మీరేమంటారమ్మా? మీరూ వేటాడతారా?"

"నాకు కొండలెక్కడం ఇష్టం అంకుల్. కాలుస్తానో లేదో అక్కడికెళ్ళాక చూస్తా. కానీ భుజాన ఉన్నదాంతో కాల్చడం మాత్రం సరిగ్గా రావాలి."

ఆ మాట నాకు నచ్చింది. కాల్చి చూడకుండా ఆర్డరు తీసుకోవడం మా దగ్గర లేదు. మాధవ్ చెప్పిన మోడల్ నమూనా ఒకటి మా దగ్గర ఉంది. దుప్పులకు వాడే పెద్ద త్రీ-నాట్-ఎయిట్ తూటా, సన్నని గొట్టం, బోలు మడమ. మరుసటి వారం ఇద్దరినీ రమ్మన్నాను.

డమ్మీ తూటా

సుజాత మొదట కాల్చింది. మొదటి గుండు బాగానే పడింది. రెండోది కిందికి, మూడోది ఇంకా కిందికి. పళ్ళు బిగించి భుజం సర్దుకుంటోంది. అప్పుడు చెప్పాను.

"అమ్మా, ఇక తూటా నేను పెడతాను. మధ్యలో ఎప్పుడో మందు లేని డమ్మీ పెడతాను. ఎప్పుడన్నది చెప్పను. మీరు మామూలుగానే కాల్చండి."

ఒకటి పేలింది. తర్వాతది టిక్కుమంది. పేలుడు లేదు, తన్ను లేదు, అయినా గొట్టం మూతి ఒక్కసారిగా కిందికి వంగింది. ముగ్గురమూ చూశాం.

"అయ్యో, నేనే ముంచేశానా?" అంది సుజాత.

"మీకు తెలియకుండానే ముంచారు. దెబ్బ వస్తుందని ఒళ్ళు ముందే తప్పుకుంటోంది."

ఆమె రైఫిల్ దించి, భుజం రుద్దుకుంటూ కాసేపు ఆలోచించింది. "తూటా అదే, మందు అదే. రైఫిల్ బరువు తగ్గితే అది వెనక్కొచ్చే వేగం పెరుగుతుంది. అంతేగా? సన్నగా ఉన్నదానికి తేలికదిస్తే దెబ్బ ఎక్కువ తగిలేది నాకే." మాధవ్ వైపు తిరిగి నవ్వింది. "మోయడం గురించే ఆలోచించాం మనం."

"నీకు సులువుగా ఉంటదనే గదా" అన్నాడు మాధవ్. మనసులో నిజంగానే ఆమె సుఖం కోరి చేశాడు. మొగవాళ్ళు భార్యల కోసం రైఫిల్ ఎంచడం నేను చాలాసార్లు చూశాను. ప్రేమతోనే ఎంచుతారు, ఆమె భుజాన్ని అడగకుండా ఎంచుతారు.

తర్వాత మాధవ్ వంతు. డమ్మీ వచ్చినప్పుడు అతని గొట్టం సుజాత గొట్టం కంటే ఎక్కువ వంగింది. అతను రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ట్రిగ్గర్ గట్టిగా ఉంది అంకుల్. గట్టిగా లాగాల్సొస్తంది."

"ట్రిగ్గర్ సరిగ్గానే ఉంది బాబూ."

"కొత్త గదా, వాడగా వాడగా అలవాటవుద్ది."

అలవాటయ్యేది దెబ్బ కాదు, ఉలికిపాటేనని చెప్పాను. వినలేదు. తలుపు దగ్గర వెళ్తూ వెళ్తూ, నవ్వు మొహంతోనే, తన ఆర్డరు మార్చనన్నాడు.

సుజాత మార్చుకుంది. ఆమె తీసుకున్నది మధ్యరకం బరువు. తేలికదానికీ దానికీ తేడా ఒక పెద్ద నీళ్ళ సీసా అంత. తూటా కూడా కొంచెం చిన్నది, తన్ను తక్కువ. చేతులు పొట్టివి కాబట్టి మడమను కోసి పొట్టి చేశాను, చివర మెత్తని రబ్బరు దిమ్మ వేశాను. కళ్ళు మూసి తెరిచే పరీక్షలో మొదటిసారే స్కోప్ నిండుగా కనిపించింది.

"ఇంకేం చెయ్యాలి అంకుల్?" అని అడిగింది.

"ఇది నెలకోసారి చాలు. మిగతా అన్ని శనివారాలూ ఆ పాత చిన్న రైఫిల్‌తోనే కాల్చండి. దానికి తన్ను లేదు. ఒళ్ళు భయం మర్చిపోతుంది."

ఆమె అలాగే చేసింది. మాధవ్ మాత్రం తన కొత్త రైఫిల్ వదల్లేదు. మొదటి మూడు గుండ్లు ఒక బిళ్ళ కింద దాక్కునేంత దగ్గరగా పడేవి. ఆ తర్వాత చెదిరిపోయేవి. స్కోప్ మరలు తిప్పేవాడు. మళ్ళీ కాల్చేవాడు. మళ్ళీ తిప్పేవాడు. ఒకరోజు విసుగ్గా నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, స్కోప్ పాడైంది. మార్పించాల."

"గొట్టం ముట్టుకుని చూడండి."

ముట్టుకుని చటుక్కున చేయి తీసుకున్నాడు. "అమ్మో, పెనంలా ఉంది!"

"సన్నని గొట్టం తొందరగా కాగుతుంది. కాగితే గురి జరుగుతుంది. ఇది కొండ మీద చల్లని గొట్టంతో కొట్టే ఒక్క గుండు కోసం చేసింది. మూడు కాల్చి, చల్లారనివ్వండి. మరలు ముట్టుకోకండి."

చల్లారేదాకా కూర్చునే ఓపిక అతనికి లేదు. పక్క లైన్లో అందరూ కాలుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కనుక మీ దగ్గరికి వచ్చేవాళ్ళను ముందే అడగండి, ఏడాదిలో ఎన్ని రోజులు కొండెక్కుతారు, ఎన్ని రోజులు ఇక్కడ కాలుస్తారు అని. ఏడాదంతా ఇక్కడ కాల్చి ఒక్క వారం కొండెక్కేవాళ్ళు ఇక్కడి పనికి తగ్గది కొనుక్కుని, ఆ వారం కాస్త బరువు మోస్తే నయం. ఇంకో తమాషా కూడా చూశాను. రైఫిల్‌లో పిసరంత బరువు తగ్గిందని మురిసిపోయి, దాని మీద సొరకాయంత స్కోప్ బిగించేవాళ్ళు. బరువు చూడాల్సింది స్కోప్, పట్టీ, తూటాలు అన్నీ కలిపాకే.

ఏటి అవతల

ఏప్రిల్‌లో వెళ్ళివచ్చారు. వచ్చిన వారం ఇద్దరూ ఆయుధాగారానికి వచ్చారు. మాధవ్ తన రైఫిల్ నాకప్పగించి, "తర్వాత మాట్లాడతా అంకుల్" అని బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. జరిగింది సుజాత చెప్పింది. అతను చెప్పమన్నాడట.

మూడో రోజు ఉదయం లోయ అవతలి వాలు మీద పెద్ద కొమ్ముల మగ దుప్పి కనిపించింది. వాళ్ళతో వచ్చిన గైడు దూరం ఎక్కువ, గాలి కూడా అడ్డంగా ఉంది, దగ్గరికి పోదాం అన్నాడు. దగ్గరికి వెళ్ళేలోపు వెళ్ళిపోతుందేమోనని మాధవ్ భయం. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, వెనక ఆఫీసు వాళ్ళు చూస్తుండగా. పడుకుని కాల్చాడు. గుండు కిందికి పోయింది. దుప్పి పొట్ట కింద, వెనక కాలికి తగిలింది. అది పడలేదు. కుంటుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది.

గైడు వెంటనే సంచి భుజాన వేసుకుని లోయలోకి దిగాడు. గాయపడ్డదాన్ని వదిలి రావడం వాళ్ళలో లేదు. మిగతావాళ్ళు గుడారాలకు తిరిగి వెళ్ళారు. వీళ్ళిద్దరూ గైడు వెనక నడిచారు. రక్తపు చుక్కలు చూసుకుంటూ వాలు దిగి, వాగు దాటి, మళ్ళీ ఎక్కి. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. చుక్కలు కడుక్కుపోయాయి. అక్కడినుంచి విరిగిన కొమ్మలు, జారిన గిట్టల గుర్తులు.

"దారిలో ఒక్కసారి గైడు, అది నొప్పితో ఎక్కడ పడుందో అన్నారు అంకుల్" అంది సుజాత.

సాయంత్రం ఏటి అవతల కనిపించింది. బండ పక్కన నిలబడి ఉంది, తల వాలిపోయి. గైడు మాధవ్‌కి సైగ చేశాడు. మాధవ్ రైఫిల్ తీశాడు. భుజానికి ఆనించి, దించేశాడు.

"నావల్ల కాదు సుజీ. నువ్వు కొట్టు" అన్నాడు.

"నేను కాల్చాలని వెళ్ళలేదు అంకుల్, మీకు తెలుసుగా. కానీ అప్పుడు కాల్చకపోవడమే ఘోరం అనిపించింది. సంచి కింద పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి పడుకున్నా. చెంప ఆనింది. స్కోప్‌లో మొత్తం కనపడింది. దాని ఊపిరి కూడా కనపడింది. ఊపిరి వదిలి మెల్లగా నొక్కా. ఎప్పుడు పేలిందో నాకే తెలీలేదు."

దుప్పి ఉన్నచోటనే పడిపోయింది.

"నేనేమీ గొప్పగా ఫీలవలేదు. ఏటి ఒడ్డున కూర్చుని ఏడ్చా. మాధవ్ కూడా" అంది.

నేను మాధవ్ దగ్గరికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. అతనే మొదలుపెట్టాడు.

"రైఫిల్ని తిట్టుకున్నా అంకుల్, దారి పొడుగునా. తర్వాత అర్థమైంది. ఆ దూరం, ఆ గాలి... సుజాత రైఫిలిచ్చినా నేను కొట్టేవాణ్ణి కాదు. కొట్టకూడని చోట కొట్టా."

ఆ మాట నేను చెప్పి ఉంటే అతను వినేవాడో లేదో తెలియదు. అతనే అన్నాడు కాబట్టి నేను పనిలోకి దిగాను. అతని తేలిక రైఫిల్‌ను తీసేయమనలేదు. తేలిక రైఫిల్ చెడ్డదేమీ కాదు. రోజంతా నడిచి, ఒక్క గుండు కాల్చి, ఆ గుండును అదుపులో ఉంచుకోగలవాడికి అంతకంటే మంచిది లేదు. ఆ అదుపు మాత్రం కొన్న రోజున రాదు. మడమలో కొంత బరువు నింపి, మెత్తని దిమ్మ వేశాను. అతను ఆ రైఫిల్‌ను నా దగ్గరే వదిలి, భార్య పక్క లైన్లో చిన్న రైఫిల్ పట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. శనివారాలు వాళ్ళిద్దరి మధ్య మాటలు తక్కువ, కాగితాలు చూపించుకోవడం ఎక్కువ. ఆమె కాగితం బాగుంటే ముందు సంతోషపడేది అతనే.

కొత్తవాళ్ళకు

మీ దగ్గరికి వచ్చేవాళ్ళు కేటలాగ్ కంఠస్థం చేసి వస్తారు. వాళ్ళతో వాదించకండి. కాల్పించండి. భుజం ఏం చెబుతుందో వాళ్ళనే విననివ్వండి. ఒప్పుకోకపోతే అమ్మండి, కాని తలుపు తెరిచే ఉంచండి. కో గారు అలాంటివాళ్ళను అరిచి పంపించేవారు. నేను అరవలేదు. మాధవ్ తిరిగి వచ్చాడంటే అది కూడా ఒక కారణమనుకుంటాను.

మరీ ముఖ్యం, వేటకు వెళ్ళేవాడికి రైఫిల్ ఒక్కటే అమ్మి పంపకండి. ఏ దూరం వరకు తాను నిజంగా కొట్టగలడో, క్లబ్బులో పడుకుని, కూర్చుని, అలసిపోయి కాల్చి తెలుసుకోమనండి. ఆ దూరం దాటితే వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

నేను రిటైరైన మరుసటి ఏప్రిల్‌లో మాధవ్, సుజాత మళ్ళీ న్యూజిలాండ్ వెళ్ళారు. ఆ రోజు నేనూ మా ఆవిడా జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కిందున్న తిండి అంగళ్ళ హాకర్ సెంటర్‌లో మకాన్‌కి, అంటే తిండికి, కూర్చున్నాం. ఆమె టేబుల్ మీద గొడుగు పెట్టి చోపే చేసి, అంటే చోటు పట్టి, ఉంచింది, నేను రెండు కప్పుల టీ తెచ్చాను. ఫోను మోగింది. మాధవ్ పెట్టిన మెసేజ్. తెలుగు అక్షరాల్లో, తప్పులతో టైపు చేశాడు. ఆమెకు చదివి వినిపించాను.

"అంకుల్, పెద్దది కనపడింది. పోయినేడు దానికంటే పెద్దది. నాకు కుదిరే దూరం కాదు. కాల్చలేదు."

"వేటకెళ్ళి ఉత్త చేతుల్తో వస్తున్నాడు. దానికి మీకెందుకండీ ఇంత సంబరం?" అంది మా ఆవిడ.

జవాబు చెప్పబోతుంటే ఇంకో మెసేజ్ వచ్చింది.

"సుజాతా నేనూ అది కొండ దాటేదాకా చూస్తా కూర్చున్నాం."